మన బ్యారెల్‌కి సరిపడే పెల్లెట్ బ్యాచ్: తల కొలత, పట్టు, కూర్చునే లోతు

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం అంటే అర మిల్లీమీటరు చుక్క. 4.5 మి.మీ. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో కాల్చే చిన్న సీసపు గుండు) అంచు ఆ చుక్కను తాకితే 10.0. అంటే పెల్లెట్ నడిమధ్య టార్గెట్ నడిమధ్యకి 2.5 మి.మీ. దూరంలో పడినా 10.0 వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి లోపలికి పావు మిల్లీమీటరుకి ఒక దశాంశం చొప్పున పెరుగుతుంది. 0.25 మి.మీ. లోపల పడితే 10.9. 2013 నుంచి క్వాలిఫికేషన్‌లో కూడా ఈ దశాంశాలే లెక్క, 60 షాట్లకి గరిష్ఠం 654. షాట్‌కి సగటున ఒక్క దశాంశం జారినా మొత్తం మీద ఆరు పాయింట్లు పోతాయి. 2008 బీజింగ్‌లో, క్వాలిఫికేషన్, ఫైనల్ స్కోర్లు కలిపి లెక్కించే రోజుల్లో, అభినవ్ బింద్రా 700.5తో స్వర్ణం గెలిచినప్పుడు రెండో స్థానంలో ఉన్న చైనా షూటర్‌కి 699.7. మధ్యలో ఉన్నది 0.8 మాత్రమే. పెల్లెట్ గురించి ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్ళకి నేను ముందు ఈ లెక్క చూపిస్తాను.

ఒడిశాలోని మా బరంపురంలో రైఫిల్ పట్టిన పిల్లల తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేది ఏ కంపెనీ పెల్లెట్ కొనాలని. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలె మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ అన్నీ మంచివే. కానీ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే తల కొలత ఉన్న రెండు డబ్బాలు బ్యాచ్ నంబరు వేరైతే చాలు, ఒకే రైఫిల్‌లో రెండు రకాలుగా పడతాయి. కాబట్టి ఎంచుకోవాల్సింది బ్యాచ్‌ని. పెద్ద స్థాయి షూటర్లు రైఫిల్ పట్టుకుని జర్మనీలోనో చెక్ దేశంలోనో ఉన్న ఫ్యాక్టరీ టెస్ట్ రేంజ్‌కి వెళ్ళి, అక్కడ బిగింపులో పెట్టి కాల్చి, నచ్చిన బ్యాచ్ పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు. గంజాం జిల్లాలో కూర్చున్న మనకి ఆ వీలు లేదు. కొన్ని డబ్బాలు తెప్పించుకుని ఇక్కడే పరీక్ష పెట్టుకోవాలి. ఆ పరీక్ష నేను చేసే తీరు రాస్తున్నాను.

పెద్ద రైఫిళ్ళ వీడియోలు చూసిన పిల్లలు సీటింగ్ డెప్త్ గురించీ నెక్ టెన్షన్ గురించీ అడుగుతుంటారు. అది మందుగుండు తూటాల సంగతి. ఇత్తడి గుల్ల మెడ బుల్లెట్‌ని ఎంత బిగువుగా పట్టుకుందన్నది నెక్ టెన్షన్. మెడ లోపలి వ్యాసాన్ని బుల్లెట్ కంటే అంగుళంలో వెయ్యో వంతు నుంచి వెయ్యిలో మూడు వంతుల దాకా తక్కువ ఉంచుతారు. బుల్లెట్ రైఫిలింగ్‌ని (బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడుల్ని) అందుకోవడానికి ఎంత దూరం ముందుకు వెళ్ళాలన్నది సీటింగ్ డెప్త్ మీద ఆధారపడుతుంది. ఈ రెండూ షాట్ షాట్‌కీ మారితే పీడనం మారుతుంది, దాంతో వేగం మారుతుంది, టార్గెట్ మీద రంధ్రాల గుంపు నిలువుగా సాగుతుంది. మన దేశంలో తూటాల తయారీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండి తీరాలి, కాబట్టి అది ఇంట్లో బల్ల మీద పెట్టుకునే పని కాదు. 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కి మాత్రం 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల వేగంతో పోతే 7.7 జౌళ్ళు.

అయితే ఆ రెండు ప్రశ్నలూ ఎయిర్ రైఫిల్‌కీ వర్తిస్తాయి. ఇక్కడ గుల్ల లేదు, మెడ లేదు. పెల్లెట్‌ని పట్టుకునేది బ్యారెలే. ఎంత బిగువుగా పట్టుకుంది, ఎంత లోపల కూర్చుంది అన్నవి రెండూ పెల్లెట్ తల, స్కర్టు, పెల్లెట్‌ని లోపలికి నెట్టే రైఫిల్ బోల్టు కొస కలిసి తేలుస్తాయి.

మ్యాచ్ పెల్లెట్‌ని వేళ్ళ మధ్య పెట్టుకుని చూడండి. ముందు చదునైన తల, మధ్యలో సన్నని నడుము, వెనక గుల్లగా విచ్చుకున్న స్కర్టు. బ్యారెల్ లోపల రైఫిలింగ్‌కి ఎత్తుగా గట్లు, వాటి మధ్య గాడులు ఉంటాయి. తల గట్ల మీద ఆనుకుని పెల్లెట్‌ని తిన్నగా నడిపిస్తుంది. స్కర్టు వెనక నుంచి వచ్చే గాలికి ఇంకాస్త విచ్చుకుని గాడుల్ని నింపి గాలి ముందుకు పోకుండా మూస్తుంది. తల చిన్నదైతే పెల్లెట్ బ్యారెల్‌లో కొంచెం ఒరిగి, ఆ ఒరిగిన తీరులోనే గిరగిర తిరుగుతూ బయటికి వస్తుంది. తల మరీ పెద్దదైతే కదలడానికే ఎక్కువ పీడనం కావాలి, వేగం ఒక్కో షాట్‌కి ఒక్కో రకంగా ఉంటుంది. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని రాసేది ఈ తల వ్యాసమే. స్కర్టు దానికంటే పెద్దదిగానే ఉంటుంది, దాని కొలత డబ్బా మీద ఉండదు.

మొదటి పరీక్ష కాల్చకుండానే చేయొచ్చు. ముందు గాలి సిలిండర్ విప్పి పక్కన పెట్టాలి. లోపల మిగిలిన గాలి పోయేలా పెల్లెట్ లేకుండా సురక్షితమైన వైపుకి ట్రిగ్గర్ నొక్కి, బోల్టు తెరిచి, బ్యారెల్ ఖాళీ అని కంటితో చూసుకోవాలి. ఆ తరవాతే బ్యారెల్‌లో కడ్డీ పెట్టాలి. కడ్డీ ఇత్తడిదో ప్లాస్టిక్ తొడుగు ఉన్నదో అయి ఉండాలి, ఇనప కడ్డీ వద్దు. బోల్టు వైపు నుంచి పెల్లెట్‌ని కడ్డీతో నెమ్మదిగా తోస్తూ చేతికి ఏం తెలుస్తోందో గమనించాలి. మొదట గట్లు కరిచేచోట గట్టిగా ఆగి, తరవాత ఒకే బరువుతో జారుతూ పోవాలి. చాలా మ్యాచ్ బ్యారెళ్ళు మూతి దగ్గర చిటికెడు సన్నబడతాయి, కాబట్టి చివరి కొన్ని సెంటీమీటర్లలో మళ్ళీ బిగువు తెలుస్తుంది. మధ్యలో ఎక్కడైనా పెల్లెట్ దానంతటదే జారిపోతున్నట్టు అనిపిస్తే ఆ తల ఆ బ్యారెల్‌కి చిన్నది.

బయటికి వచ్చిన పెల్లెట్‌ని కంసాలులు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దంతో చూస్తే అంతా అక్కడే రాసి ఉంటుంది. స్కర్టు చుట్టూ ఒకే లోతున సన్నని గీతలు వరసగా పడి ఉండాలి. తల అంచు మీద కూడా అన్నే గీతలు, కాస్త లేతగా, చుట్టూ సమానంగా ఉండాలి. తల మీద ఒక పక్క గీతలు మెరుస్తూ రెండో పక్క సీసం మచ్చ లేకుండా ఉంటే పెల్లెట్ ఒరిగి ప్రయాణించింది. తల మీద అసలు గీతే లేకపోతే దాన్ని నడిపించింది స్కర్టు ఒక్కటే. తల మీద గీతలు గాట్లలా లోతుగా పడి, ముందువైపు సీసం సన్నని పొరలా లేచి ఉంటే మరీ బిగువు. కొత్త కొలత తెప్పించినప్పుడల్లా ఒక్కో డబ్బాలోంచి ఐదారు ఇలా తోసి చూస్తే, కాల్పుల పరీక్షకి పనికిరానివి ముందే పక్కకి పోతాయి. అన్నిటికంటే నాకు నచ్చే పరీక్ష ఇదే, ఖర్చు లేదు, గాలి అక్కర్లేదు.

కొలత పరికరాల మాట. పిల్లలు వెర్నియర్ కాలిపర్ పట్టుకుని తల కొలుస్తుంటారు. 0.02 మి.మీ. చూపించే పరికరంతో 0.01 తేడా పట్టుకోవడం జరగదు. మైక్రోమీటరుకి ఆ సూక్ష్మత ఉంది గానీ సీసం మెత్తన, రాచెట్ ఒక్క టిక్కు ఎక్కువ తిరిగితే తల నొక్కుకుపోతుంది, చూసేది మనం నొక్కిన కొలత. 0.01 తేడాతో రంధ్రాలు కోసిన గేజ్ పలక దొరికితే అది నయం. పెల్లెట్‌ని తల కిందికి పెట్టి వదిలితే ఏ రంధ్రంలో దిగిందో, ఏ దాంట్లో ఆగిందో అదే కొలత. అలా చూస్తే ఒకే డబ్బాలో 4.50 అన్నవాటిలో కొన్ని 4.49, కొన్ని 4.51 కనబడతాయి. డబ్బా మీది అంకె కంటే ఈ చెదురు ఎంతన్నది ముఖ్యం. నా లెక్కలో 4.51కి గట్టిగా కట్టుబడిన డబ్బా, 4.49 నుంచి 4.51 దాకా చెదిరిన 4.50 డబ్బా కంటే మేలు, బ్యారెల్ ఆదర్శ కొలత 4.50 అయినా సరే. బిగువు కాస్త ఎక్కువైనా ప్రతిసారీ అదే బిగువు ఉంటే గుంపు దగ్గరగా పడుతుంది.

ఇక లోతు. బోల్టు ఉన్న మ్యాచ్ రైఫిల్‌లో పెల్లెట్‌ని బ్యారెల్‌లోకి తోసేది బోల్టు కొస. లివర్ మూసినప్పుడు ఆ కొస స్కర్టు వెనక తగిలి, గాలి వచ్చే రంధ్రం దాటేదాకా పెల్లెట్‌ని ముందుకి నెడుతుంది. అందుకని లోతు యంత్రమే చూసుకుంటుందని అందరూ వదిలేస్తారు. తల బిగువుగా ఉన్నంతవరకు అది నిజమే, పెల్లెట్ బోల్టు ఆపిన చోటే ఆగుతుంది. తల వదులైతే లివర్ విసురుగా మూసిన ఊపుకి పెల్లెట్ బోల్టు కొసని వదిలి ఇంకాస్త ముందుకి జారిపోతుంది. మా దగ్గర నేర్చుకునే ఒక పాప ఈ పరీక్షలో కడ్డీ పట్టుకుని, “మాస్టారూ, ఇందాకటి దానికంటే ఇది లోపలికి పోయిందండీ, నేను ఒకేలాగే మూశాను” అంది. మూసింది ఒకేలాగే, పెల్లెట్ తలే చిన్నది.

ఆ పరీక్ష ఇలా. సిలిండర్ విప్పి ఉన్న రైఫిల్‌లో, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ అయ్యాక, పెల్లెట్ పెట్టి లివర్ మూస్తాం. మూతి వైపు నుంచి చదును కొస ఉన్న కడ్డీని పెల్లెట్ తలకి ఆనేదాకా మెల్లగా దించి, బ్యారెల్ అంచు దగ్గర కడ్డీ మీద సన్నని టేపు ముక్క అంటిస్తాం. తరవాత బోల్టు తెరిచి, అదే కడ్డీతో పెల్లెట్‌ని వెనక్కి నెట్టేసి, ఇంకో పెల్లెట్‌తో మళ్ళీ చూస్తాం. పది పెల్లెట్లలో టేపు గుర్తు అర మిల్లీమీటరు లోపు ఆడితే బాగున్నట్టు. ఒకటో రెండో 2 మి.మీ. లోపలికి పోతున్నాయంటే ఆ డబ్బా ఎంత పేరున్నదైనా ఆ రైఫిల్‌కి వద్దు. అదే సమయంలో స్కర్టు అంచు కూడా చూడాలి. గాలి రంధ్రం అంచుకి రాసుకుని స్కర్టు ఒక పక్క చెక్కుకుపోయి ఉంటే లోపం పెల్లెట్‌లో లేదు, బోల్టు కొసలోనో బ్యారెల్ బిగింపులోనో ఉంది. దాన్ని సర్వీసు తెలిసినవాళ్ళకి చూపించాలి. బోల్టు మీది ఓ-రింగు (గాలి కారకుండా మూసే రబ్బరు చుట్టు) అరిగినా వేగం ఇలాగే చెదురుతుంది, పెల్లెట్లని ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు. అందుకే కొత్త బ్యాచ్ పరీక్షకి ముందు ఓ-రింగు మార్చేస్తాను.

లివర్ మూసే వేగం కూడా అలవాటు చేయాల్సిందే. టప్పున కొట్టకుండా, బోల్టు కొస స్కర్టుని తాకింది అని వేలికి తెలిశాక మిగతాది ఒకే ఒత్తిడితో పూర్తిచేయాలి. పెల్లెట్ తొట్టెలో తిన్నగా పడుకుందో లేదో చూసే క్షణం కూడా అందులోనే కలిసిపోతుంది.

బ్యారెల్ మడిచి కాల్చే స్ప్రింగు తుపాకీతో మొదలుపెట్టే పిల్లలకి లోతు ఇంకా పెద్ద సమస్య, ఎందుకంటే అక్కడ పెల్లెట్ పెట్టేది బొటనవేలు. ఒకసారి అంచుకి సమంగా, ఒకసారి కాస్త లోపలికి, ఇంకోసారి ఒరిగి కూర్చుంటుంది. గోరు తగిలి స్కర్టు సొట్ట పడితే అది గాలి మూయదు. గుండ్రటి కొస ఉన్న చిన్న సీటింగ్ పనిముట్టు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. దాని ఆపుడు మరని 1 మి.మీ. లోతుకి బిగించి ప్రతిసారీ అది ఆగేదాకా నొక్కడమే. స్ప్రింగు తుపాకీల్లో లోతుగా కూర్చోబెడితే వేగం కొన్నిట్లో కాస్త తగ్గుతుంది, కొన్నిట్లో పెద్దగా మారదు. ఎంత లోతన్నది గుంపులు చూసి తేల్చుకోవాలి. ఒకసారి తేల్చాక ఇక మార్చకూడదు.

కాల్పుల పరీక్షకి బిగింపు చేయించుకోవాలి. చేతితో కాల్చి బ్యాచ్ ఎంచుకుంటామంటే, ఆ రోజు మన చెయ్యి ఎలా ఉందో తెలుస్తుంది తప్ప పెల్లెట్ సంగతి తెలియదు. ఇక్కడి లేత్ షాపులో 10 మి.మీ. ఇనప పలక మీద రెండు దవడలు వెల్డు చేయించి, ఎం10 బోల్టులు పెట్టించి, దవడల లోపల 3 మి.మీ. రబ్బరు షీటు అంటించుకుంటే పని నడుస్తుంది. ఆ పలకని నేలలో పోసిన సిమెంటు దిమ్మకి యాంకర్ బోల్టులతో బిగించాలి. బల్లకి బిగిస్తే బల్ల ఊగుతుంది. రైఫిల్ చెక్కనో అల్యూమినియం స్టాకునో విప్పేసి, యాక్షన్ (బోల్టు, ట్రిగ్గర్ ఉండే భాగం) కింది పట్టా దగ్గర దవడలు వేయాలి. బ్యారెల్‌ని మాత్రం ఎప్పుడూ బిగించకూడదు. బ్యారెల్ మీద వేసిన దవడ బిగువు మారిన కొద్దీ గుంపు చోటు మారుతుంది, గట్టిగా వేస్తే బ్యారెల్‌కే చేటు.

బరంపురంలో ఇంకో చిక్కు ఉంది. ఒక పక్క 16వ నంబరు జాతీయ రహదారి, ఇంకో పక్క హౌరా–చెన్నై రైలు మార్గం. వాటికి దగ్గరి నేల మీద సిమెంటు దిమ్మ కూడా కంపిస్తుంది. దిమ్మ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి చూస్తే లోడు లారీ పోయినప్పుడు అలలు కనబడతాయి. అలాంటి చోట పరీక్ష తెల్లవారుజామున పెట్టుకుని, నీళ్ళు కదిలినప్పుడు ఆగి, కదలనప్పుడే ట్రిగ్గర్ నొక్కితే సరిపోతుంది.

బ్యారెల్ ఏ స్థితిలో ఉందన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. ముందు ఫెల్టు ముక్కలతో బోల్టు వైపు నుంచి శుభ్రం చేస్తాను. శుభ్రం చేసిన బ్యారెల్ వెంటనే సరిగ్గా కాల్చదు, 20 నుంచి 30 షాట్లు పోయాకే కుదురుకుంటుంది. ఒక కంపెనీ డబ్బా నుంచి ఇంకో కంపెనీ డబ్బాకి మారినప్పుడు కూడా పెల్లెట్ల మీది నూనె తేడాగా ఉంటుంది కాబట్టి పదిహేను షాట్లయినా లెక్కలోకి తీసుకోకుండా వదలాలి. ఆ తరవాత ఒక్కో డబ్బాకి పదేసి షాట్ల గుంపులు మూడు. ఐదు షాట్ల గుంపు మోసం చేస్తుంది, రెండు డబ్బాల మధ్య నిజమైన తేడా కంటే ఐదు షాట్ల అదృష్టం పెద్దది. మొదట కాల్చిన డబ్బాతో చివర్లో మళ్ళీ ఒక గుంపు కాల్చాలి. రెండు గుంపులూ దాదాపు ఒకలా ఉంటే మధ్యలో కాల్చినవన్నీ నమ్మొచ్చు. ఉండకపోతే బిగింపో, గాలో, బ్యారెలో మధ్యలో మారింది, ఆ రోజు అంకెలు పక్కన పెట్టాల్సిందే.

గుంపు కొలిచేటప్పుడు బయటి అంచు నుంచి బయటి అంచుకి కాలిపర్ పెట్టి, అందులోంచి ఒక్క రంధ్రం వ్యాసం తీసేస్తాం. ఆ ఒక్క రంధ్రాన్ని అదే కాగితం మీద విడిగా ఒక షాట్ కాల్చి కొలవాలి, ఎందుకంటే కాగితంలో రంధ్రం కచ్చితంగా 4.5 రాదు, కాస్త తక్కువ వస్తుంది. వానాకాలంలో మాకు ఇదొక తలనొప్పి. గోపాలపురం సముద్రం దగ్గర్లోనే ఉండటంతో జులై, ఆగస్టు నెలల్లో టార్గెట్ కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది, రంధ్రం అంచు పీచులా చిరిగి కాలిపర్ ఎక్కడ పెట్టాలో తెలియదు. కాగితాల్ని సిలికా జెల్ పొట్లాలతో మూత డబ్బాలో ఉంచి, కాల్చే ముందు ఒక్కొక్కటి తీసి, వెనక కొత్త అట్ట పెట్టి బిగిస్తే రంధ్రం నున్నగా తెగుతుంది.

ఎంత వస్తే మంచిదన్న ప్రశ్నకి జవాబు దశాంశాల్లోనే ఉంది. రంధ్రం 4.5 అనుకుందాం. పది షాట్ల గుంపు బయటి కొలత 5.5 వస్తే కేంద్రాల మధ్య గరిష్ఠ దూరం 1 మి.మీ., మధ్య నుంచి దాదాపు అర మిల్లీమీటరు. అంటే గురి ఖచ్చితంగా ఉంటే అన్నిటికంటే దూరం పడ్డ షాట్ కూడా 10.8. బయటి కొలత 7.0 వచ్చే డబ్బాతో అదే గురి పెడితే అంచు షాట్ 10.5కి దిగుతుంది. పిల్లవాడు తప్పేం చేయకుండానే మూడు దశాంశాలు పోయాయి, పైగా తన పట్టులోనే ఏదో లోపం ఉందని వాడు వెతుక్కుంటూ కూర్చుంటాడు. అందుకే ఈ పరీక్షని నేను షూటర్ ముందే చేస్తాను. తన రైఫిల్ ఎంత చేయగలదో తన కళ్ళతో చూసిన పిల్లలు 10.4 వచ్చినప్పుడు బెదిరిపోరు.

గుంపు ఆకారం కూడా చెబుతుంది. నిలువుగా సాగితే వేగం చెదురుతోంది: గాలి, ఓ-రింగు, లోతు చూడాలి. గుండ్రంగా ఉండి పెద్దదైతే తల వదులో, పెల్లెట్ల నాణ్యతో. తొమ్మిది ఒకే రంధ్రంలో పడి ఒకటి విడిగా పోతే ఆ పెల్లెట్ స్కర్టు సొట్ట పడి ఉండొచ్చు. అలాంటిది మూడు గుంపుల్లోనూ కనబడితే డబ్బా మొత్తం ప్రయాణంలో దెబ్బతిని ఉంటుంది.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దొరికితే పది షాట్లలో ఎక్కువ వేగానికీ తక్కువ వేగానికీ తేడా సెకనుకి 3 మీటర్ల లోపు ఉందా అని చూస్తాను. 3 మీటర్లే ఎందుకో లెక్క వేసుకోవచ్చు. 172 మీటర్ల వేగంతో 10 మీటర్లు పోవడానికి 0.058 సెకను. ఆ లోపల పెల్లెట్ భూమి వైపు పడేది సుమారు 16.6 మి.మీ. వేగం 3 మీటర్లు మారితే ఆ పడటం దాదాపు 0.6 మి.మీ. మారుతుంది, అంటే రెండు దశాంశాలు పైన. 10 మీటర్లు మారితే 2 మి.మీ.కి దగ్గర, అంటే దాదాపు ఎనిమిది దశాంశాలు.

బరువు తూచే అలవాటు గురించి ఇదే లెక్క పనికొస్తుంది. నగల దుకాణంలో మిల్లీగ్రాము చూపే తక్కెడ మీద పెల్లెట్లన్నీ తూచి వేరుచేసేవాళ్ళు ఉన్నారు. 0.53 గ్రాములో 5 మిల్లీగ్రాములు తేడా అంటే నూటికి ఒక వంతు. శక్తి అంతే ఉంటే వేగం అర శాతం, సెకనుకి 0.9 మీటరు మారుతుంది, టార్గెట్ మీద 0.2 మి.మీ. లోపే. మంచి మ్యాచ్ డబ్బాలో అంత తేడా ఉన్న పెల్లెట్లు అరుదు. ఆ గంటల్ని తల చూడటానికి, స్కర్టు చూడటానికి వాడితే ఎక్కువ ఫలితం. కొంచెం వాలుగా పెట్టిన అద్దం పలక మీద పెల్లెట్‌ని దొర్లిస్తే అది వంపు తిరుగుతూ పోతుంది. తల, స్కర్టు కొలతలు ఒకేలా ఉన్నవన్నీ ఒకే చోట ఆగుతాయి. వేరే చోట ఆగినవి సాధనకి, మిగతావి పోటీకి. ఇది తూచడం కంటే వేగంగా అవుతుంది, పట్టేది కూడా ఎక్కువ.

గాలి సంగతి తేమ ఉన్న ఊళ్ళవాళ్ళు మరింత గమనించాలి. చేతి పంపుతో కొట్టే గాలిలో మన వాతావరణపు నీరంతా సిలిండర్‌లోకి పోతుంది. లోపల తుప్పు, గాలి పీడనాన్ని ఒకేలా ఉంచే రెగ్యులేటర్ అంటుకుపోవడం, దాంతో వేగం ఎగుడుదిగుడు. పొడి గాలి నింపే పెద్ద సిలిండర్ ఉన్నచోట నింపించుకోవడం మంచిది. పంపే గతి అయితే తేమ పీల్చే గొట్టం తప్పకుండా పెట్టి, అందులోని గింజల రంగు మారగానే మార్చాలి. 200 బార్ దాటకుండా, మెల్లగా నింపాలి. సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ దాటితే బాగా కనబడుతున్నా సరే వాడకూడదు. పరీక్ష మొత్తం 180 నుంచి 100 బార్ మధ్యనే ముగిస్తాను, రెగ్యులేటర్ అక్కడ స్థిరంగా ఉంటుంది.

బ్యాచ్ తేలాక ఆ నంబరు రాసుకుని, అదే నంబరు ఉన్న డబ్బాలు సంవత్సరానికి సరిపడా ఒకేసారి కొనాలి. దుకాణదారుడు అదే రకం కదా అని వేరే నంబరు పంపిస్తే వెనక్కి పంపడమే. డబ్బాకి 500 ఉంటాయి. రోజుకి 60 చొప్పున వారానికి ఐదు రోజులు కాల్చే పిల్లలకి డబ్బా రెండు వారాలు కూడా రాదు, దాన్నిబట్టి లెక్క వేసుకోవాలి. సముద్రపు గాలికి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అది పట్టిన పెల్లెట్ బ్యారెల్‌లో గరుకుగా పోతుంది. మూత చుట్టూ టేపు వేసి, సిలికా జెల్‌తో బిగువైన పెట్టెలో ఉంచితే తట్టుకుంటాయి. భువనేశ్వర్‌కి పోటీకి బస్సులో వెళ్ళేటప్పుడు డబ్బా లోపల పెల్లెట్ల పైన స్పంజి ముక్క పెట్టి మూత వేయాలి. గుంతల రోడ్డు మీద ఒకదానికొకటి కొట్టుకుంటే స్కర్టులన్నీ సొట్టలే.

సీసం విషం. పెల్లెట్ నోట్లో పెట్టుకోకూడదు. కాల్చాక సబ్బుతో చేతులు కడగనిదే టిఫిన్ ముట్టకూడదు. టార్గెట్ వెనక పెట్టెలోని సీసపు పొడిని చీపురుతో ఊడిస్తే గదంతా లేస్తుంది, తడిగుడ్డతో తీసి విడిగా మూటకట్టాలి. చిన్న పిల్లలకి ఆ పని చెప్పకూడదు.

బ్యారెల్ లోతుగా శుభ్రం చేసినా, బోల్టు కొసకి రిపేరు జరిగినా, రెగ్యులేటర్ విప్పినా అదే బ్యాచ్‌తో మూడు గుంపులు మళ్ళీ కాల్చి పాత కాగితాల పక్కన పెట్టి చూడాలి. కాగితాల మీద తేదీ, బ్యాచ్ నంబరు, సిలిండర్ పీడనం, బ్యారెల్ శుభ్రం చేశాక పడ్డ షాట్ల సంఖ్య రాసి దాచుకోవాలి. గుంపు అర మిల్లీమీటరు పెరిగితే ముందు ఓ-రింగు, తరవాత గాలి, ఆ తరవాతే పెల్లెట్. ఆ వరసలో వెతికితే డబ్బాలు అనవసరంగా మార్చే పని ఉండదు.